కుందేళ్లకు పోసిన ఆకలి మందు

పెళ్లయిన రెండో ఏడు నాకు ఉద్యోగం దొరికింది. యాభైల మొదట్లో సంగతి. పాతబస్తీలో ఒక సర్కారు ఆసుపత్రి వెనకాల పొడుగాటి రేకుల గది ఉండేది. దాన్నే అందరూ లేబరేటరీ అనేవారు. హకీములు, వైద్యులు తరతరాలుగా ఇస్తున్న మందులు మనిషికి హాని చేస్తాయా, చేయవా అన్నది ముందు జంతువుల మీద పరీక్షించడం అక్కడి పని. నేను జంతుశాస్త్రం తీసుకుని బీయస్సీ చదివాను కాబట్టి ఆ పనికి పనికొస్తానన్నారు.

మా అత్తవారిల్లు హుస్సేనీ ఆలంలో. గుడి సేవ చేసుకునే కుటుంబం. ఆ ఇంటి కోడలు కుందేళ్ల నోట్లో రబ్బరు గొట్టం దూర్చి మందు పోస్తుందనీ, పరీక్ష ముగిశాక వాటిని కోసి కాలేయం చూస్తుందనీ తెలిసినప్పుడు మా అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన, బావగారు కలిసి నచ్చజెప్పాక ఒక షరతు మీద ఒప్పుకుంది. సాయంత్రం పెరటి దారిన రావాలి. బావి దగ్గర తలమీంచి నీళ్లు పోసుకోవాలి. చీర మార్చుకున్నాకే గడప దాటాలి. చలికాలమైనా సరే, జ్వరమొచ్చినా సరే.

ఆ చన్నీళ్ల నుంచి నన్ను కాపాడింది మా యారాలు, అంటే మా బావగారి భార్య. నేనొచ్చే వేళకు పెరటి పొయ్యి మీద కాగు పెట్టి ఉంచేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద. పెళ్లయి చాలా కాలమైనా పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు నిలిచి, మూడో నెల దాటగానే పోయింది. ఆ ఏడు మళ్లీ నిలిచింది. నాలుగో నెల వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనేవారు కాదు. అంటే దిష్టి తగులుతుందేమోనని భయం. కానీ అక్క లేచినా కూర్చున్నా అందరి కళ్లూ ఆమె మీదే ఉండేవి.

ఆ రోజుల్లోనే మా లేబరేటరీకి ఒక ఆకలి మందు వచ్చింది.

తెచ్చినాయన మా పేటలోనే దుకాణం ఉన్న వైద్యుడు. వయసు మళ్లినవాడు, తెల్లని అంగరఖా, తలకు రుమాలు. నాడి చూడటంలో ఆయనకు మంచి పేరుంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, చిత్రమూలం, ఇంకా ఏవేవో కలిపి కాచిన నల్లటి పాకం అది. అంతకుముందు ఎవరికి కావాలో చూసి, తన చేత్తో గిన్నెలో పోసి ఇచ్చేవాడట. ఈ మధ్య సీసాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టాడు. జిల్లాలకు కూడా పంపాలని ఆశ. హాని లేదని మా లేబరేటరీ నుంచి ఒక కాగితం ఉంటే అంగళ్లవాళ్లు నమ్ముతారని ఎవరో చెప్పారు.

మా పెద్ద డాక్టరు ముస్లిం పెద్దమనిషి. అందరూ డాక్టర్ సాబ్ అనేవారు. నెమ్మదస్తుడు. సీసా మూత తీసి వాసన చూసి, "మా ఇంట్ల గూడ తాగుతరు ఇది," అని నవ్వాడు. కాగితం ఇవ్వడం పెద్ద పని కాదనుకున్నాం.

ముర్గీ చౌక్ బజారు నుంచి కొత్త కుందేళ్లు తెప్పించాం. వాటిని చూసుకునే మనిషిని నేను అన్నా అనేదాన్ని. బహదూర్‌పురా నుంచి నడిచి వచ్చేవాడు. గడ్డి, నీళ్లు, బోన్లు కడగడం అంతా ఆయనే. కొన్నిటికి మనుషులు తాగే లెక్కన తక్కువగా, కొన్నిటికి ఎక్కువగా రోజూ పొద్దున పోశాం. మిగిలినవాటికి ఉత్త చక్కెర పాకం. పళ్ల మధ్య రంధ్రమున్న చెక్కముక్క పెట్టి, దానిలోంచి గొట్టం దించి పోసేదాన్ని. చేతిలో వాటి గుండె ఎంత వేగంగా కొట్టుకునేదో ఇప్పటికీ నా అరచేతికి తెలుసు.

వారం తిరగకముందే ఒక పొద్దున నేను వెళ్లేసరికి అన్న బోను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"అమ్మా, గిది చూడు," అన్నాడు.

గడ్డి మీద నెత్తురు. ఆ నెత్తుట్లో వేలెడంత కూడా లేని, వెంట్రుక మొలవని, కళ్లు ఏర్పడని పిల్లలు. పక్క బోనులోనూ అంతే. రెండూ ఎక్కువ మోతాదు పోసిన కుందేళ్లే. అవి చూలుతో ఉన్నాయని మాకెవరికీ తెలియదు. తెచ్చినప్పుడు కడుపు తడిమి చూడలేదు. మేం చూడాలనుకున్నది కాలేయం, మూత్రపిండాలు, బరువు. ఇది మేం వెతకని సంగతి.

డాక్టర్ సాబ్ వచ్చి రెండింటినీ చాలాసేపు చూశాడు. "బజారు నుంచి బుట్టల కుదుపుకుంట తెచ్చిన్రు. కొత్త జాగ, కొత్త మనుషులు. బెదిరినా గిట్ల అయితది బేటీ. ఇత్తెఫాక్ అయి ఉండొచ్చు," అన్నాడు. కాకతాళీయం కావచ్చని.

"కాకుంటే?" అన్నాను.

"కాకుంటే మల్ల చూడాలె. ఇప్పుడైతే చూసింది చూసినట్టు రాయి."

రాశాను. ఆ సాయంత్రం పెరట్లో స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని లోపలికి వెళ్లాను. వంటింటి వసారాలో అక్క పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా అత్తమ్మ చెంచాతో ఏదో పట్టిస్తోంది. నల్లటి పాకం. పక్కన గూట్లో అదే సీసా, అదే మూత.

గూట్లోంచి సీసా తీసి చూశాను.

"అత్తమ్మా, అదేంది?"

"ఆకలి మందు. నెల దినాల సంది మెతుకు ముడతలేదు గదా. ఎదురింటామె చెప్పింది, మస్తు పనిజేస్తదని. దుకాణానికి పోయి తెప్పిచ్చిన."

"ఎప్పటి సంది తాగుతున్నది?"

"మొన్నటి సంది. ఎందుకట్ల అడుగుతవ్?"

పొద్దున చూసింది చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు కుందేళ్లు, పిల్లలు పోవడం, అదే మందు. అక్క చేయి తెలియకుండానే కడుపు మీదికి వెళ్లింది. అత్తమ్మ ముఖం ఎర్రబడింది.

"కడుపుతోని ఉన్న మనిషి ముంగట ఏం మాటలవి? కుందేలుకూ మనిషికీ పోలికనా? ఊరంత తాగుతున్నది. నువ్వు అక్కడి అంటంత ఇంట్లకు తెస్తున్నవ్!"

లొల్లి విని మగవాళ్లు వచ్చారు. బావగారు అడిగిన ప్రశ్న ఒకటే. "పక్కాగా తెలుసా నీకు?"

తెలియదు. అదే నిజం. తెలియదనే చెప్పాను. నాకు తెలిసిందల్లా రెండు బోన్లు. ఆ మాటతో నా వాదన సగం చచ్చిపోయింది. తెలియనిదానికి ఇంత రభస ఎందుకన్నట్టు అందరూ లోపలికి వెళ్లారు.

అక్క ఒక్కతే మిగిలినప్పుడు చేయి పట్టుకుని అడిగాను, మందు మానేయమని.

"రెండు సార్లు ఏం తినక, నీరసపడి పోగొట్టుకున్న చెల్లె," అంది. "గిప్పుడు జర అన్నం రుచయితున్నది. ఇది మానితె మల్ల గట్లనే అయితదేమోనని నా భయం. నువ్వేమో తాగితె పోతదంటవ్. నేను ఎటు పోవాలె?"



మర్నాడు డాక్టర్ సాబ్ తలుపు దగ్గర నిలబడి ఇంటి సంగతి చెప్పాను. ఆయన రాస్తున్న కలం పక్కన పెట్టాడు. ముందురోజు మొహంలో ఉన్న నిదానం లేదు.

"బంద్ చేయించు. ఇవాళనే."

"నిన్న ఇత్తెఫాక్ అన్నరు గదా సార్?"

"అది కాగితం కోసం. కాగితం మీద రాయాలంటె సబూత్, రుజువు కావాలె. చెంచా పక్కకు పెట్టనీకి సబూత్ ఎందుకు బేటీ?"

ఆ మాట పట్టుకుని సాయంత్రం ఇల్లు చేరాలని ఆరాటపడ్డాను. మధ్యాహ్నం దాటుతుండగా మా ఆయనే సైకిలు మీద లేబరేటరీకి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. గేటు దగ్గరే, "వదినెకు నడుము నొప్పి లేసింది," అన్నాడు.

చేతులు కడుక్కున్నానో లేదో గుర్తు లేదు. ఇంటికి కాకుండా సైకిలు వైద్యుడి దుకాణానికి పోనిమ్మన్నాను. ఆ మందుకు ఇప్పుడేం చేయాలో ఆయనకే తెలిసి ఉండాలి. ఎందుకని ఆయన అడగలేదు. వెనక కూర్చున్నాను. మదీనా చౌరస్తా దాటి గుంపులో ఇరుక్కుని, టాంగాల మధ్యనుంచి తోసుకుంటూ వెళ్తుంటే వెనక నుంచి ఎవరో ఏదో అన్నారు. పట్టించుకోలేదు.

వైద్యుడు దుకాణంలో మూలికలు జల్లెడ పడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, కాగితం సంగతి తెచ్చాననుకుని చిరునవ్వుతో లేచాడు.

"కాగితం కాదు పంతులుగారూ. మా అక్క మీ ఆకలి మందు తాగింది. కడుపుతోని ఉన్నది."

జల్లెడ ఆయన చేతిలోంచి పక్కకు ఒరిగింది. "ఎన్నో నెల?"

"నాలుగు."

"ఎవరిచ్చిన్రు? నేనియ్యలే. నేను కడుపుతోని ఉన్నోళ్లకు అది ఎన్నడియ్య. దాంట్ల చిత్రమూలం ఉన్నది బిడ్డా, గర్భిణికి ముట్టియ్యద్దు. మా గురువు చెప్పిన మొదటి మాటల్ల ఒకటది."

"మీ దుకాణంలనే కొన్నరు. సీసా."

ఆయన వెనక్కి తిరిగి బల్ల మీది సీసాల వరుస వంక చూశాడు. అక్కడ పనిచేసే మనిషి తల దించుకున్నాడు. "ఆకలి మందు అడిగిన్రు, ఇచ్చిన. ఎవరికని నేనడగలే," అన్నాడు. నిజమే. సీసా మీద ఆకలి మందు అని తప్ప ఇంకేమీ లేదు.

వైద్యుడు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి వచ్చాడు. మా వాకిట్లో అడుగుపెడుతుంటే అత్తమ్మ ఎదురొచ్చి, దేవుడే పంపినట్టు దండం పెట్టబోయింది. ఆయన ఆగలేదు. లోపలికి వెళ్లి అక్క నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అక్క పెదవి పంటితో నొక్కి పట్టి ఉంది. చీర కుచ్చిళ్ల దగ్గర చిన్న మరక నాకు కనిపించింది. ఆమె చూడకుండా దుప్పటి పైకి లాగాను.

ఆయన కళ్లు తెరిచి బావగారితో, "దవాఖానకు తీస్కపోండ్రి, బిరాన. ఆడోళ్ల పెద్దాసుపత్రికి," అన్నాడు.

అత్తమ్మకు అర్థం కాలేదు. "మీరే ఏదన్న ఇయ్యండ్రి పంతులుగారూ. విరుగుడు లేదా?"

"ఇప్పుడు నేను ఇంకొకటి పోస్తె, దేంతోటి ఏమయిందో వాళ్లకు తెల్వకుంట పోతది. లేటు చెయ్యద్దు. కుదుపులు లేకుంట పోనియ్యమను."

ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమో ఆయన మెడ నరాలు చెప్పాయి. మా పేటలో ఆయన చేయి పట్టుకుని బతికినవాళ్లున్నారు. ఆయన తన రోగిని అలా పంపడం నేను చూసింది అదే మొదటిసారి.

రిక్షాకు పరదా కట్టించి అక్కను ఎక్కించాం. నేను పక్కన కూర్చుని ఆమె నడుము చుట్టూ చేయి వేసి ప్రతి గుంతకూ అదిమి పట్టుకున్నాను. బావగారు రిక్షా పక్కనే నడుస్తూ, "మెల్లగ భాయ్, జర మెల్లగ," అంటున్నాడు. మరుక్షణమే, "తొందరగ పోనియ్," అంటున్నాడు. రిక్షా అతను రెండింటికీ "జీ సాబ్" అన్నాడు. మూసీ వంతెన మీద అక్క నా చెవి దగ్గర, "ఇది గూడ పోతె నేను ఇంటికి రాను చెల్లె," అంది. గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు ఏం తాగిందని అడిగితే నేనే చెప్పాను. చిత్రమూలం అంటే ఆమెకు తెలియదు. మొక్క లాటిన్ పేరు చెప్పాను. కుందేళ్ల సంగతీ చెప్పాను. ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, "నువ్వు ఏం చేస్తుంటవమ్మా?" అని మాత్రం అడిగింది. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టించి ఎత్తు చేయించింది. కదలొద్దంది. మేం చేయగలిగింది ఇంతే, మిగిలింది చూడాలి అంది.

చూడటమే మాకు మిగిలింది. నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. నర్సు గది లోంచి బయటికొచ్చినప్పుడల్లా అత్తమ్మ లేచి నిలబడేది. ఒకసారి తన కొంగుతో నా నుదుటి చెమట తుడిచింది. నేను లేబరేటరీ నుంచి నేరుగా వచ్చాను, స్నానం చేయలేదు. ఆమెకు ఆ సంగతి గుర్తుందో లేదో.

మూడో రోజుకు నెత్తురు ఆగింది. డాక్టరమ్మ పొట్ట తడిమి చూసి, ఇంకా గ్యారంటీ ఇవ్వలేను గానీ నిలిచేట్టుంది అంది. అక్కను అక్కడే ఉంచుకున్నారు.

నేను లేబరేటరీకి తిరిగి వెళ్లాను. డాక్టర్ సాబ్ ఈసారి సరిగ్గా చూద్దామన్నాడు. ఆడ కుందేళ్లను మగవాటితో జత కట్టించాం. కొన్నాళ్లకు ఆయన ఒక్కొక్కదాని కడుపు వేళ్లతో తడిమి, నా చేయి కూడా అక్కడ పెట్టించాడు. చర్మం కింద ద్రాక్షపండ్లంత గుండ్రంగా తగిలాయి. అన్న గడ్డి మెత్తగా పరిచి, నా వంక చూడకుండా అడిగాడు.

"వీటికి పోస్తె పోతయని ఎర్కనే కదమ్మా? ఎర్కుండి పోసుడు ఎట్ల?"

"పక్కాగా ఎర్కలేదన్నా. అందుకే."

ఆయన బోను తలుపు వేసి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో పొద్దున అక్కడ మందు పోసి, సాయంత్రం ఆసుపత్రిలో అక్కకు అన్నం తినిపించేదాన్ని. ఒకే చేయి. పొద్దున బోన్ల వైపు నడిచేటప్పుడు నెత్తురు కనపడాలనో వద్దనో, ఏం కోరుకోవాలో తెలిసేది కాదు. కనపడితే నేను చెప్పింది నిజం. కనపడకపోతే ఆ ప్రాణాలు నిలుస్తాయి.

కనపడింది. మందు పోసినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ పిల్లల్ని పోగొట్టుకున్నాయి. చక్కెర పాకం పోసినవాటిలోనూ ఒకటి పోగొట్టుకుంది. మిగిలినవి ఈనడానికి బొచ్చు పీక్కుని గూళ్లు కట్టుకున్నాయి.

వైద్యుణ్ని పిలిపించారు. ఆయన రేకుల గదిలోకి ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు. బోన్ల ముందు ఒంగి ఒక్కొక్కటే చూశాడు. బోనులో నెత్తురు గడ్డి తీసివేయలేదింకా. ఆయన కోసమే ఉంచమన్నారు.

"ఇయ్యద్దని నాకు ఎర్క. ఇస్తె ఏమయితదో కండ్లతోని ఇవాళ చూసిన," అన్నాడు చివరికి.

డాక్టర్ సాబ్ ఆయనకు కుర్చీ వేయించాడు. "మందు చెడ్డదని నేను అంటలేను పంతుల్జీ. మిగిలిన కుందేళ్లకు కాలేయం గీలేయం అంత మంచిగనే ఉన్నది. సీసా మీద రాయించండ్రి, గర్భిణులకు ఇయ్యద్దని. తెలుగుల, ఉర్దూల. కాగితం నేనిస్త."

"ఎవరు చదువుతరు సాబ్? మా దుకాణానికి వచ్చేటోళ్లల్ల సగం మందికి అక్షరం రాదు. ఈ బిడ్డ అత్తమ్మకు వస్తదా?" అని నా వైపు చూశాడు. రాదని తల ఊపాను.

"మరి జిల్లాలకు పంపుడు?" అన్నాడు డాక్టర్ సాబ్.

ఆయన రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నాడి చూసి ఇచ్చెటప్పుడు ఎవరికియ్యాలె, ఎవరికియ్యద్దు అన్నది నా దగ్గర ఉండె. సీసాల పోసినంక అది సీసాతోని పోలే. నేను పంపను," అన్నాడు.

కాగితం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారాల్లో ఆయనే స్వయంగా అమ్మిన ఇళ్లన్నీ తిరిగి సీసాలు వెనక్కి అడిగాడు. మా గల్లీలోనూ చూశాను. కొందరు ఇంకా మంచి మందు ఏదో వచ్చిందనుకుని సంతోషంగా ఇచ్చారు. కొందరు మాకు బాగానే ఉంది, ఇవ్వం అని తగాదా పడ్డారు. ఎదురింటామె అయితే సీసా దాచేసి అయిపోయిందని చెప్పింది. ఆయన గుమ్మం ముందే చాలాసేపు నిలబడి, "నీ బిడ్డలకు, కోడండ్లకు మాత్రం ఇయ్యకమ్మా," అని చేతులు జోడించాడు.

అక్కను ఏడో నెలలో ఇంటికి తెచ్చారు. నెలలు పూర్తిగా నిండకముందే ఆడపిల్ల పుట్టింది. పిల్లి కూనంత ఉంది. దూదిలో చుట్టి, పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టి పెంచాం. బతికింది. అక్కకు ఆ రోజు నొప్పి ఆ మందు వల్లే వచ్చిందా, ముందు రెండుసార్లలాగే వచ్చిందా అన్నది ఎవరం చెప్పలేం. ఆమె తాగింది కొన్ని చెంచాలే. మా కుందేళ్లకు పోసింది వాటి బరువుకు చాలా ఎక్కువ. డాక్టర్ సాబ్‌ను అడిగితే, "ఒక్క మనిషితోని సబూత్ కాదు బేటీ. దేవుని దయ, ఇంకో మనిషి మీద చూడవలసిన పని పడలేదు," అన్నాడు.

పురుడు వెళ్లాక ఒక సాయంత్రం పని నుంచి వచ్చి స్నానం చేసి అక్క గదిలోకి వెళ్లాను. పిల్లకు పాలిస్తోంది. పక్కన కూర్చోమంది. కాసేపటికి మెల్లగా అడిగింది.

"చెల్లె, మొదలు పిల్లలు పోయినయే, ఆ రెండు కుందేళ్లు... అవి మల్ల ఈనినయా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి.

"లేదక్కా. లోపల ఏమయిందో చూడనీకి కోసినం. నేనే కోసిన."

పాలు తాగుతున్న పిల్ల తల మీద అక్క అరచేయి పెట్టుకుంది. కాసేపటికి పిల్ల నిద్రపోయింది. అక్క దాన్ని జాగ్రత్తగా ఎత్తి నా ఒళ్లో పెట్టింది.